ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేద్దామనుకుంటున్నా, ఇంట్లో "సేవకి చదువెందుకు" అంటున్నారు. సలహా ఇవ్వండి

నల్లగొండ_స్రవంతి | జూన్ 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తయింది. రెండో సంవత్సరంలో ఎన్ఎస్ఎస్ క్యాంపుకి మర్రిగూడ వైపు ఒక ఊరికి వెళ్లాం. ఏడు రోజులు. ఫ్లోరైడ్ ఊరు. ఇంటింటికీ తిరిగి సర్వే రాశాం. కాళ్లు వంకర పోయిన ఒక తాత అరుగు మీద కూర్చుని "రాసుకొని పోతరు బిడ్డా, మళ్ల ఎవ్వరు రారు" అన్నాడు. నిజంగానే మేం కూడా మళ్లీ వెళ్లలేదు. ఆ మాట మాత్రం నాతో వచ్చేసింది.

అప్పటి నుంచి ఎంఎస్‌డబ్ల్యూ చేయాలని ఉంది. నాన్న ఆర్టీసీలో కండక్టరు. "సేవ చెయ్యాలంటే ఆదివారం చెయ్యి, దానికి రెండేండ్ల చదువెందుకు? బీఎడ్ చెయ్" అంటున్నాడు. అమ్మ ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ టెన్షన్.

నా డౌట్లు: సీపీగెట్ (తెలంగాణ పీజీ ఎంట్రన్స్) రాసి ఇక్కడే చేరాలా, ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కోసం ప్రయత్నించాలా? ఇంట్లోనే ఉండి దూరవిద్యలో చేస్తే విలువ ఉంటుందా? చివరికి ఉద్యోగం వస్తుందా?

---

పల్లెపిల్లోడు | జూన్ 11, రాత్రి 9:58

మీ నాన్న చెప్పిందాంట్లో తప్పేముంది? మా ఊళ్లో ఎంఎస్‌డబ్ల్యూ చేసినాయన ఇప్పుడు మీసేవ సెంటర్ నడుపుతున్నాడు. పేరులో సేవ ఉంది కాబట్టి చదివిన లైన్లోనే ఉన్నట్టు లెక్క 😀

---

హెచ్ఆర్_కిరణ్ | జూన్ 11, రాత్రి 10:20

నేను 2009లో ఎంఎస్‌డబ్ల్యూ చేసి హెచ్ఆర్‌లోకి వచ్చాను. మా బ్యాచ్‌లో సగం మంది అదే దారి. అప్పట్లో 1948 ఫ్యాక్టరీల చట్టం కింద 500 లేదా అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారిని పెట్టాలి. ఆ పోస్టుకు మా డిగ్రీ పనికొచ్చేది. ఇప్పుడు ఎంబీఏ వాళ్లు అంతా నిండిపోయారు. హెచ్ఆర్ కోసమే అయితే ఎంబీఏ చేసుకో, ఇటు రాకు.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) మాత్రం వేరే సంగతి. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు ఏ ఊరికి, దేనికి, పని అయిందా లేదా చూసే మనిషి కావాలి. ఇంటర్వ్యూల్లో నేను ఒక్కటే అడుగుతాను, "నువ్వు ఫీల్డ్ వర్క్ చేసిన ఊళ్లో బోరు ఎక్కడుంది, దాన్ని ఎవరు వాడనివ్వరు?" అని. నిజంగా తిరిగినవాళ్లు వెంటనే చెబుతారు. మిగతావాళ్లు సస్టైనబుల్ డెవలప్‌మెంట్ గురించి మొదలుపెడతారు.

---

ఓపీ_నంబర్_14 | జూన్ 11, రాత్రి 11:35

స్రవంతీ, హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా పదకొండో ఏడు నడుస్తోంది నాకు. మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు చెప్పాలనిపించి డ్యూటీ దిగాక కూర్చున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మా పిల్లల వార్డుకి కిడ్నీ జబ్బుతో ఒక బాబు వచ్చేవాడు. ఏడేళ్లు. రెండు వారాలకోసారి చూపించాలి. మూడుసార్లు వచ్చి మానేశారు. తర్వాత ఒళ్లంతా వాచిపోయి ఎమర్జెన్సీలో చేరాడు. కేస్ షీట్ మీద డాక్టరు "తల్లి శ్రద్ధ లేదు" అన్నట్టు రాసి నాకు పంపారు. "బస్సు కూడా ఫ్రీయే కదమ్మా, ఇంకేం రోగం వీళ్లకి?" అన్నారు. చెడ్డ మనిషి కాదాయన. రోజుకి వంద మందిని చూస్తే ఎవరైనా అలాగే అంటారు.

నేను ఆ తల్లిని "ఎందుకు రాలేదు?" అని అడగలేదు. అలా అడిగితే వచ్చే జవాబు "పని ఉండె మేడమ్" అనే. బీడీలు చుడుతుంది, ఆ మాటా నిజమే. ముందు బాబు గురించి మాట్లాడుకున్నాం, వాడు ఏం తింటాడు, ఎవరి పక్కన పడుకుంటాడు. "అమ్మమ్మ పక్కన" అంది. అక్కడ దొరికింది దారం. భర్త దగ్గర్నుంచి వచ్చేసి పుట్టింట్లో ఉంటోంది. రేషన్ కార్డు అత్తగారింట్లో ఉండిపోయింది, ఇవ్వమంటే ఇవ్వట్లేదు. కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ కౌంటర్లో పని నడవదనుకుంది. మూడోసారి వచ్చినప్పుడు క్యూలో ఎవరో గట్టిగా "కార్డు లేకుండా ఎందుకొస్తారు" అన్నారట, సిగ్గుపడి మళ్లీ రాలేదు. బస్సు ఫ్రీ అయితే ఏం లాభం?

ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రని అడిగితే కార్డు చేతిలో లేకపోయినా నంబరు తెలిస్తే ప్రయత్నిద్దామన్నాడు. నంబరు వాళ్ల ఊరి రేషన్ డీలరు దగ్గర దొరికింది. రెండు ఫోన్లు, ఒక మధ్యాహ్నం, అంతే. బాబు ఆ తర్వాత మానలేదు.

ఇదే పని నేను చదువుకునే రోజుల్లో ఎలా చేశానో చెప్పనా? మొదటి సెమిస్టర్‌లో ఇలాంటి ఒకామె ఏడిస్తే చూడలేక పర్సులోంచి 500 తీసి చేతిలో పెట్టాను. చాలా గొప్పగా అనిపించింది. ఆ వారం రిపోర్టులో కూడా రాశాను. మా సూపర్‌వైజర్ మేడమ్ ఎర్ర పెన్నుతో దాని పక్కన ఒకే మాట రాశారు: "తర్వాత?" ఆ తర్వాతి వారం ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది, ఇంకో 500 కోసం. నా దగ్గర లేవు. మొహం చాటేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం సేవకీ ఈ చదువుకీ ఉన్న తేడా నాకు తెలిసింది ఆ "తర్వాత?" దగ్గరే.

---

పల్లెపిల్లోడు | జూన్ 11, రాత్రి 11:51

అక్కా, మీసేవ జోకు వెనక్కి తీసుకుంటున్నా.

---

దేవనార్_పాతకాపు | జూన్ 12, ఉదయం 7:15

టిస్ గురించి అడిగావు కాబట్టి నేను చెబుతాను. ముంబై దేవనార్ క్యాంపస్‌లో చదివాను. అక్కడ డిగ్రీ పేరు ఎంఎస్‌డబ్ల్యూ కాదు, ఎంఏ సోషల్ వర్క్. ఉద్యోగ నోటిఫికేషన్లలో రెండూ ఒకటే. మొదటి రోజు నుంచీ స్పెషలైజేషన్ ఉంటుంది: మా రోజుల్లో పిల్లలు-కుటుంబాలు, నేరం-న్యాయం, మానసిక ఆరోగ్యం, వైకల్యం, దళిత-గిరిజన అధ్యయనాలు, ఇలా. మహారాష్ట్రలోనే తుల్జాపూర్ క్యాంపస్‌లో గ్రామీణాభివృద్ధి మీద నడుస్తుంది. పల్లె పని ఇష్టమైతే ముంబై కన్నా అదే మంచిదంటాను, నా ముంబై స్నేహితులు తిట్టినా సరే.

టిస్ బలం అక్కడ పాఠంతో పాటు నడిచే ఫీల్డ్ ప్రాజెక్టులు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అక్కడి ప్రాజెక్టుగానే 1996లో ముంబైలో మొదలైంది. ముంబై పోలీసు శాఖలో మహిళల కోసం స్పెషల్ సెల్ 1984లో పెట్టారు, పోలీస్ స్టేషన్లో సోషల్ వర్కర్ కూర్చోవడం అప్పుడు వింత. ఈ రోజు హింసకు గురైన ఆడవాళ్ల కోసం నడిచే మన సఖి కేంద్రాలు, భరోసా కేంద్రాలు చూస్తుంటే అదే గుర్తొస్తుంది.

అప్లికేషన్ డిసెంబరు, జనవరి నుంచే చూసుకోవాలి. టిస్‌నెట్ పరీక్ష వేరుగా రాయాలి.

---

సీపీగెట్_సీనియర్ | జూన్ 12, ఉదయం 8:02

అన్నా, ఆ పరీక్ష పోయింది. 2024 ప్రవేశాల నుంచి టిస్ కూడా సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త పరీక్ష ద్వారానే తీసుకుంటోంది. స్రవంతికి ఈ ఏడాదికి ఆ బండి వెళ్లిపోయినట్టే. సీపీగెట్ ఒక్కటే చేతిలో ఉంది. ఏపీ వైపు వాళ్లకైతే ఏపీ పీజీసెట్. ఏ డిగ్రీ చేసినా ఎంఎస్‌డబ్ల్యూ రాయొచ్చు, బీజెడ్‌సీ అయినా పర్లేదు. నేను బీకామ్.

---

దేవనార్_పాతకాపు | జూన్ 12, ఉదయం 8:10

అవునా! మంచి పని చేశావు తమ్ముడూ చెప్పి. నేను పాతకాపునని పేరులోనే ఒప్పుకున్నా కదా.

---

విశాఖ_మాస్టారు | జూన్ 12, ఉదయం 10:44

విశాఖలో ముప్పై ఏళ్లు ఈ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యాను. పిల్లలు టిస్ టిస్ అంటుంటారు కాబట్టి దాని పుట్టుక చెబుతాను, సందర్భం లేకపోలేదు.

1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ అని మొదలైంది. మన దేశంలో ఈ చదువుకి అదే మొదటి బడి. పెట్టింది క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ. అంతకు ముందు ఆయన నాగ్‌పాడా మురికివాడల్లో నైబర్‌హుడ్ హౌస్ నడిపేవాడు. 1944లో పేరు మారి టాటా ఇన్‌స్టిట్యూట్ అయింది, 1964లో డీమ్డ్ యూనివర్సిటీ. తర్వాత 1946లో ఢిల్లీ స్కూలు, 1952లో మద్రాసు స్కూలు వచ్చాయి.

దీనివల్ల జరిగిందేమిటంటే, పాఠం కూడా అమెరికా నుంచే వచ్చింది. కేస్ వర్క్ అంటారు, ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని సమస్యను అతనితోనే విడదీయడం. మంచి విద్యే. కానీ నా క్లాసులో శ్రీకాకుళం కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, మా ఊరంతా వలసపోయింది. నేను ఎవణ్ణి కూర్చోబెట్టాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జనాన్ని కూడగట్టి కదిలించే సోషల్ యాక్షన్ అనే పాఠం సిలబస్‌లో చివర్న ఉంటుంది, పరీక్షకి ఐదు మార్కులకో పదికో వస్తుంది. ఆ ఏడాది నుంచి దాన్ని ముందు చెప్పడం మొదలుపెట్టాను.

మన దగ్గర వేరే దారి కూడా ఉండేది. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఏ సోషల్ వర్క్ డిగ్రీ లేకుండానే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకి మళ్లీ పరీక్ష రాయించే ఏర్పాటు చేశారు. కాబట్టి స్రవంతి నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. డిగ్రీ లేనివాళ్లు ఈ పని చేయలేదని అనకండి. అయితే ఆవిడ బీఎల్ చదివిన లాయరు, జైలుకి వెళ్లొచ్చిన మనిషి. ఆదివారం మాత్రం చేయలేదు.

---

ఆస్టిన్_అక్క | జూన్ 12, రాత్రి 8:30

మాస్టారూ నమస్కారం. నేను అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ చేశాను, ఇప్పుడు టెక్సాస్‌లో కౌన్సెలింగ్ పని. ఇక్కడి సంగతి రెండు ముక్కలు, ఎందుకంటే తర్వాత ఎవరో ఒకరు "యూఎస్ వెళ్తే?" అని తప్పకుండా అడుగుతారు.

ఇక్కడ ఎంఎస్‌డబ్ల్యూ స్కూలుకి సీఎస్‌డబ్ల్యూఈ (సోషల్ వర్క్ చదువుల కౌన్సిల్) గుర్తింపు ఉండాలి, కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ చేయాలి. ఆ తర్వాత లైసెన్సు. మా రాష్ట్రంలో క్లినికల్ లైసెన్సు రావాలంటే డిగ్రీ అయ్యాక ఇంకో 3,000 గంటలు ఒకరి పర్యవేక్షణలో పని చేసి పరీక్ష రాయాలి. లైసెన్సు లేకుండా ఆ పేరు పెట్టుకుని కూర్చుంటే నేరం. ఇండియా ఎంఎస్‌డబ్ల్యూతో వచ్చేవాళ్లు ముందు తమ డిగ్రీని సీఎస్‌డబ్ల్యూఈ దగ్గర పోల్చి చూపించుకోవాలి.

వీసా మాట దాచను. సోషల్ వర్క్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సు) కాదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, ఏడాదే. సాఫ్ట్‌వేర్ పిల్లల్లా మూడేళ్లు దొరకవు. అప్పు చేసి రావాలనుకునేవాళ్లకి నేను వద్దనే చెబుతున్నాను. నేను మా ఆయన వీసా మీద వచ్చాను, నా లెక్క వేరు.

---

ఓపీ_నంబర్_14 | జూన్ 12, రాత్రి 9:05

లైసెన్సు మాట వింటే అసూయగా ఉంది అక్కా. మనకి డాక్టర్లకున్నట్టు, లాయర్లకున్నట్టు కౌన్సిల్ లేదు. ఎవరైనా సోషల్ వర్కర్ అని బోర్డు పెట్టుకోవచ్చు. పేపర్లో "ప్రముఖ సామాజిక కార్యకర్త" అని ఎవరి పేరు పక్కనైనా రాసేస్తారు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది, అందులో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చేర్చారు. మాకు కొంత ఆశ అదే.

స్రవంతీ, మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఉంటే ఎంఎస్‌డబ్ల్యూతో ఆగకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఆ పైన రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. బెంగళూరు నిమ్‌హాన్స్ అందుకు పెట్టింది పేరు. ఎంఫిల్‌నే దేశంలో ఎత్తేశారు, ఈ కోర్సుకి మాత్రం గడువు పొడిగించారు. చేరే ఏడాదికి నిబంధన ఏమిటో చూసుకో.

---

సీపీగెట్_సీనియర్ | జూన్ 12, రాత్రి 10:12

కాలేజీ ఎంపిక గురించి నా గోడు. నేను చేరిన చోటు పేరు చెప్పను. ఫీల్డ్ వర్క్ వారానికి రెండు రోజులని టైంటేబుల్లో ఉంది. మొదటి నెల ఒక ఎన్జీవోకి పంపారు, వాళ్లు మాతో కరపత్రాలు మడతపెట్టించారు. తర్వాత ఎవరూ అడగలేదు. సెమిస్టర్ చివర సీనియర్ల రిపోర్టులు తెచ్చుకుని ఊరి పేరు మార్చి రాశాం. నా రిపోర్టులో వరంగల్ జిల్లా ఊళ్లో సముద్రపు చేపలు పట్టేవాళ్ల సమస్యలు ఉన్నాయి. సార్ సంతకం పెట్టారు. 'ఏ' గ్రేడ్ ఇచ్చారు.

నవ్వొస్తుంది కానీ ఉద్యోగం ఇంటర్వ్యూలో ఏడుపొచ్చింది. ఇక్కడ కిరణ్ గారి బోరు ప్రశ్న చదివితే అదే రోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒక బాల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు పోస్టులో చేరి, అక్కడ నేర్చుకున్నా అసలు చదువు. కేసుల్లో చిక్కుకున్న పిల్లల ఇంటికెళ్లి సామాజిక విచారణ నివేదిక రాయాలి, జువెనైల్ జస్టిస్ బోర్డు దాన్ని చూసి నిర్ణయిస్తుంది. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. మొదటి రిపోర్టు నాది వెనక్కి పంపారు. "ఇందులో పిల్లవాడు ఎక్కడ?" అని అడిగారు. కుటుంబ ఆదాయం, ఇంటి పైకప్పు, అన్నీ రాశాను, వాడితో మాట్లాడలేదు.

అందుకే చెల్లీ, ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో బిల్డింగ్ చూడకు. ముందే వెళ్లి సెకండియర్ వాళ్లని పట్టుకో. నిన్న ఫీల్డ్‌కి ఎక్కడికెళ్లారు, రిపోర్టు ఎవరు దిద్దారు, సూపర్‌వైజర్ ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతారా అని అడుగు. తడబడితే ఇంకో చోటు చూసుకో.

---

అంగన్‌వాడీ_అరుణ | జూన్ 13, మధ్యాహ్నం 1:20

దూరవిద్య గురించి ఎవరూ చెప్పలేదు. నేను అంగన్‌వాడీ టీచరుగా చేస్తూ ఇగ్నోలో ఎంఎస్‌డబ్ల్యూ చేశాను. డిగ్రీ చెల్లుతుంది, దూరవిద్య అయినా ఫీల్డ్ వర్క్ తప్పదు. పుస్తకాలు ఇంగ్లిషులో, నాకు ఒక్కో పేజీకి గంట పట్టేది. నేను పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు కుదిరింది, చదివింది తెల్లారి సెంటర్లోనే కనిపించేది. నీకు పని లేదు, వయసుంది. రెగ్యులర్ చెయ్యమ్మా. పక్కన కూర్చుని వాదించేవాళ్లు లేకపోతే ఈ చదువు సగమే.

ఉద్యోగాల్లో సీడీపీఓ (అంగన్‌వాడీల పైన ఉండే శిశు అభివృద్ధి అధికారి) నోటిఫికేషన్లు చూస్తూ ఉండు, సోషల్ వర్క్ వాళ్లకి అవకాశం ఉంటుంది. ప్రతి ఏడాదీ పడేవి కావు. ఓపిక కావాలి.

---

దేవనార్_పాతకాపు | జూన్ 13, సాయంత్రం 6:48

ఒక్క మాట మిగిలింది, ఎవరూ చెప్పరు కాబట్టి. నాది ప్రకాశం జిల్లా, ఎస్సీ కాలనీ. మొదటి ఏడు ఫీల్డ్ వర్క్ సెలవుల్లో మన వైపే ఒక ఊళ్లో చేశాను. పెద్దాయన మంచం వాల్చి కూర్చోబెట్టి "మీరెవరు బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్న పేరు కోసం కాదని మనందరికీ తెలుసు. చెప్పాను. మంచినీళ్లు గ్లాసులో కాక సీసాలో వచ్చాయి.

ఆ రోజు రిపోర్టులో ఏం రాయాలో తెలియలేదు. క్లయింట్‌ని ఉన్నవాడిని ఉన్నట్టు అంగీకరించాలి, తీర్పు చెప్పకూడదు అని పాఠంలో ఉంటుంది. వాడు నన్ను అంగీకరించకపోతే? దాని గురించి గ్రూప్ కాన్ఫరెన్స్‌లో రెండు గంటలు పోట్లాడుకున్నాం. పై కులాల స్నేహితులు మొదటిసారి నోరు మూసుకుని విన్నారు. టిస్ నాకిచ్చింది ఏంటంటే ఆ రెండు గంటలు అని చెబుతాను. అలాంటి పోట్లాటకి చోటిచ్చే మాస్టారు ఏ కాలేజీలో ఉన్నా అందులో చేరు.

---

విశాఖ_మాస్టారు | జూన్ 13, రాత్రి 7:30

నాయనా, ఇది ఎక్కడైనా పెద్దగా రాయి. ఫోరంలో వదిలేయకు.

---

నల్లగొండ_స్రవంతి | జూన్ 15, రాత్రి 10:05

రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. అందరికీ థ్యాంక్స్.

ఓపీ నంబర్ 14 అక్క పోస్టు నాన్నకి చదివి వినిపించాను. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. మొత్తం విని "ఆ పిల్లగాడు బాగున్నడా ఇప్పుడు?" అని అడిగాడు. తర్వాత "నేను రోజూ జీరో టికెట్లు కొడత. ఎక్కినోళ్లే కనిపిస్తరు" అన్నాడు. ఒప్పుకున్నట్టా కాదా తెలియలేదు. పొద్దున లేచేసరికి సీపీగెట్ ఫీజుకి డబ్బులు ఫోన్ కింద పెట్టి వెళ్లాడు.

నిన్న సీనియర్ అన్న చెప్పినట్టే ఒక కాలేజీకి వెళ్లాను. సెకండియర్ అక్కలు ఇద్దరు దొరికారు. ఫీల్డ్ వర్క్ ఎక్కడ అంటే ఒకరు పిల్లల ఆస్పత్రి, ఇంకొకరు రైల్వే స్టేషన్ దగ్గర పిల్లల షెల్టర్ అన్నారు. రిపోర్టు పుస్తకం చూపించమన్నాను. నిండా ఎర్ర పెన్నే. "మా మేడమ్ రాక్షసి" అన్నారు. అదే కాలేజీ మొదటి ఆప్షన్ పెడతాను.

ఒక చిన్న డౌట్, అడగొచ్చో లేదో. ఫీల్డ్ వర్క్‌కి చీర కట్టుకోవాలా?

---

ఓపీ_నంబర్_14 | జూన్ 15, రాత్రి 10:31

బాబు బాగున్నాడని నాన్నగారికి చెప్పు. మూడో క్లాసు.

చీర అక్కర్లేదు, చుడీదార్ చాలు. చెప్పులు మాత్రం గట్టివి కొనుక్కో, మొదటి నెలలోనే రెండు జతలు తెగాయి నాకు. వాటర్ బాటిల్, చిన్న నోటు పుస్తకం. అవతలివాళ్లు మాట్లాడుతుంటే నోటు పుస్తకం తెరవకు, బస్సెక్కాక రాసుకో.

---

పల్లెపిల్లోడు | జూన్ 15, రాత్రి 10:40

బస్సులో రాస్తే కండక్టర్ ఏమీ అనడులే 😀